ముక్కుపుడకలు లేని మొహం

మాది హుకుంపేట దగ్గర కొండ ఊరు. నిరుడు నా బండి లైసెన్సుకి ఫోన్లోనే దరఖాస్తు చేశాం. మా ఆయన పదో తరగతి తప్పాడు గానీ, ఫోను చేతికొస్తే పెద్ద ఆఫీసరే. ఫొటో కోసం మట్టిగోడకి తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు నన్ను నిలబెట్టాడు.

"ముక్కుపుడకలు తియ్యి. మొకం తేటగా కనబడాలని రాసుంది" అన్నాడు.

పెళ్లి నాటి నుంచి తీయని మూడు పుడకలవి.

"అవి తీసేత్తే నా మొకం ఏటవుద్ది?" అన్నాను. వినలేదు. సబ్బు రాసి లాగితే కళ్లలో నీళ్లు తిరిగాయి.

బండి నడిపే పరీక్ష రోజున లైసెన్సు ఆఫీసుకి పుడకలు పెట్టుకునే వెళ్లాను. అక్కడి ఉద్యోగి ఫొటో చూసి, నన్ను చూసి, "ఈవిడ కాదు, ఫొటోలో ఉన్నావిడని తీసుకురా" అన్నాడు మా ఆయనతో. లైనులో ఉన్నవాళ్లందరి ముందు మళ్లీ పుడకలు పీక్కుని, నేను నేనేనని చూపించుకోవాల్సి వచ్చింది.

"నగలు తియ్యమని ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాడా ఉద్యోగి. మా ఆయన గోడ మీద బల్లిని చూస్తున్నాడు.

లైసెన్సు వచ్చింది. పోలీసులు ఆపితే చూపిస్తాను. అందులో ఉన్నది నా మొహం కాదు, మా ఆయన తెలివి.