తారు మలాం, జొన్నరొట్టె

నారాయణఖేడ్ దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను డాక్టర్‌ని. ఈ సంగతి సిగ్గు విడిచి చెబుతున్నాను. ఇంట్లో వాళ్లకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

పోయినేడు పైనుంచి ఒక పని అప్పగించారు. సోరియాసిస్‌కు మేం ఇచ్చే మూడు రకాల మలాముల్లో ఏది తక్కువ ఖర్చుతో ఎక్కువ గుణమిస్తుందో చూసి పట్టిక పంపాలి. ఒకటి తారు మలాం, అన్నిటికన్నా చవక. అప్పుడే వేసిన డాంబరు రోడ్డు వాసన కొడుతుంది. రెండోది కాస్త ఖరీదు, మూడోది మరీ ఖరీదు. రోగులకు వచ్చిన వరుసలో తలా ఒక రకం ఇచ్చి మూడు నెలలు చూడాలి. నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. ఈ మూల పనిచేసేవాళ్లకూ లెక్కలు వచ్చని చూపిద్దామనుకున్నాను, నా మొహం మండ!

ఒక సోమవారం ఆ వరుసలో రొట్టెలామె వచ్చి నిలబడింది. దవాఖాన గేటు ఎదురుగా పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్మేది. భర్త పోయాక ఆమెకు అదొక్కటే బతుకుతెరువు. నాకూ, నర్సుకూ, దవాఖాన ఊడ్చే ఆయమ్మకూ మధ్యాహ్నం ఆ రొట్టెలే. ఆమె అరచేతులు చాపి చూపించింది. ఎర్రగా పగిలి, పొలుసులు లేచి ఉన్నాయి.

“గజ్జి గాదు గదమ్మా? జనం ఏమేమో అంటుండ్రు,” అంది మెల్లగా.

“కాదు. ఇది సోరియాసిస్. ముట్టుకున్నా అంటదు, నీ చేతి రొట్టె తిన్నా అంటదు,” అని వెనక ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పాను. అంతటితో ఆగానా? ఆమె రెండు చేతులూ పట్టుకుని మరీ చూపించాను. జనం మెచ్చుకోలుగా చూశారు. నా మీద నాకే ముచ్చటేసింది. ఆమె వంతుకు తారు మలాం వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆయమ్మ ఎప్పటిలాగే రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక ముక్క తుంచాను గానీ చెయ్యి నోటిదాకా పోలేదు. ఆ పొలుసులే కళ్ల ముందు ఆడాయి. చదివిన చదువంతా ఏ గంగలో కలిసిందో! కడుపులో బాగాలేదని చెప్పి తీసెయ్యమన్నాను. మర్నాటి నుంచి ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నాను. నర్సు ఆ డబ్బా వంక చూసింది. నాలుగు రోజులకు తనూ ఒక డబ్బా తెచ్చుకుంది.

ఆయమ్మ మాత్రం ఊరుకోలేదు. “ఏందమ్మా, రొట్టెలు తెమ్మంటలేరు?”

“పొట్ట తగ్గించుకుంటున్నా.”

“గట్లనా! రొట్టె తింటె వచ్చే పొట్ట గీ అన్నం తింటె రాదా?” అని నవ్వింది. నేను డబ్బా మూత పెట్టి లేచిపోయాను.

కొన్ని వారాలకు గేటు ఎదురుగా పొయ్యి కనిపించలేదు. ఊరికి పోయి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, రోజూ ఆమె ముందు నుంచి తల తిప్పుకుని పోయే బాధ తప్పిందని ఊరటపడ్డాను కూడా.

మూడో నెల ఆఖర్న ఆమె వచ్చింది. అరచేతులు నున్నగా ఉన్నాయి. ఎగిరి గంతేసినంత పని చేశాను. మరీ ఖరీదైన మలాం వాడినవాళ్లలో కూడా ఇంత గుణం కనిపించలేదు. నా పట్టికలో చవకదే గెలిచింది.

“అబ్బ, ఎంత బాగా నయమైంది! ఏం చేశావమ్మా?”

“ఏం జెయ్యలే. రొట్టెలు బంద్ వెట్టిన. ఉడుకునీళ్లు లేవు, పిండి పిసుకుడు లేదు, పెనం సెగ లేదు. ఖాళీ చేతులకు ఏమైతదమ్మా?”

“ఎందుకు బంద్ పెట్టావు? అంటుతుందని అందరి ముందూ చెప్పాను కదా! కాదు కాదు, అంటదని చెప్పాను కదా!” తడబడి మాట కూడా తిరగబడింది.

ఆమె గొంతులో కోపం లేదు. “చెప్పిండ్రు. అందరు ఇన్నరు. మీరు తింటలేరని గూడ అందరు చూశిండ్రు. డాక్టరమ్మనే తింటలేదు, మనమెందుకు తినాలె అన్నరు. నెల దినాలు చూశిన. పిండి పురుగు వట్టింది. ఇగ కల్హేర్ ఊర్ల మా అక్కింటికి వోయిన. ఆమె వెట్టింది తింటున్న.”

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదని ఒప్పుకోవాలి. రేపే పొయ్యి పెట్టు, అందరూ చూస్తుండగా మొదటి రొట్టె నేనే తింటానని చెప్పాలి. ఆమె ఆ మాట కోసమే నా నోటి వంక చూస్తూ కూర్చుందని నాకు తెలుసు. చేతిలో పట్టిక ఉంది. దాన్లో ఒక గడి ఇంకా ఖాళీగా ఉంది.

“కల్హేర్ నుంచి ఆటోకు ఎంతయింది?” అన్నాను.

ఆమె చెప్పింది. ‘రోగికి అయిన ఖర్చు’ అన్న చోట ఆ ఆటో కిరాయి రాసి, సంతకం పెట్టాను.