హుక్కు దించిన రోజు

1979 ఎండాకాలం. విశాఖపట్నం లోపలి హార్బరులో ఒక స్టీవ్‌డోర్ కంపెనీలో నేను లేబర్ అసిస్టెంటుని. స్టీవ్‌డోర్ అంటే ఓడలోకి సరుకు ఎక్కించి, దించే కాంట్రాక్టరు. లేబర్ అసిస్టెంటు అంటే ఆ ఎక్కించడం, దించడం ఎందుకు ఆలస్యమయ్యాయో ఇంగ్లిషులో రాసిపెట్టే మనిషి. ఎమ్మే ఇంగ్లిషు చదివి లెక్చరర్ అవుదామనుకున్నాను. ఏ కాలేజీకీ నా విషయంలో అంత తొందర కనిపించకపోవడంతో హార్బరుకి వచ్చాను. ఉక్కు కర్మాగారం అప్పటికింకా ఊళ్ళో కబుర్లలోనే ఎక్కువగా నడుస్తోంది.

మా పని తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఓడ పొట్టని హోల్డు అంటారు, దానికి పైన ఉండే చదరపు నోటిని హ్యాచ్ అంటారు. దాని మీదకి వాలి ఉండే పొడవాటి ఇనప దూలం డెరిక్. దాన్నుంచి వేలాడేది హుక్కు. ఆ హుక్కుని పైకి లాగి కిందికి వదిలే యంత్రం వించ్. ఒక్కో హ్యాచ్‌కి ఒక్కో గ్యాంగు, గ్యాంగుకి ఒక మేస్త్రి, వించ్‌కి ఒక డ్రైవరు, అందరూ కలిసి పన్నెండు మంది. ఆ రోజు రేవులో ఉన్న ఓడకి నాలుగు హ్యాచ్‌లు. నాలుగింట్లోనూ ఎరువుల బస్తాలు.

పొద్దున్న ఆఫీసు తెరిచామో లేదో, ఓడ యజమానుల తరఫున ఊళ్ళో ఉండే ఏజెంటు నుంచి ఫోను వచ్చింది. రెండో హ్యాచ్‌లో మావాళ్ళు స్ట్రైక్ చేస్తున్నారట.

మా మేనేజర్ ఆనందరావు గారు ఆదివారం చర్చిలో ఎంత మెత్తగా ఉంటారో, మిగతా ఆరు రోజులూ ఆఫీసులో అంత గట్టిగా ఉంటారు. పైగా ఆ వారం పక్క కంపెనీల్లో గ్యాంగులు చెప్పాపెట్టకుండా పని ఆపేస్తున్నాయి. నోటీసు లేకుండా ఆపిన గ్యాంగుని మొత్తంగా తీసెయ్యమని మా ఓనర్ల హుకుం అప్పటికే వచ్చి ఉంది.

"ఏవయ్యా మూర్తీ, మనవాళ్ళకి కూడా సోకిందా ఆ గాలి?"

"వెళ్ళి కనుక్కుంటాను సార్."

"కనుక్కోడానికేముంది? స్ట్రైకే అయితే పన్నెండు మంది పేర్లూ రాసుకురా. మధ్యాహ్నానికి కొట్టేద్దాం."

పేరు కొట్టెయ్యడం ఇంగ్లిషులోనూ కొట్టెయ్యడమే. స్ట్రైక్ ఆఫ్ అంటారు. కూలీ పని ఆపితే స్ట్రైకు, ఆపినందుకు యజమాని పేరు తీసేస్తే అదీ స్ట్రైకే. ఇరుపక్షాల దగ్గరా ఫీజు పుచ్చుకునే ప్లీడరులాంటి మాట. మన 'కొట్టు' కూడా తక్కువదేం కాదు. గంట కొడతాం, కొబ్బరికాయ కొడతాం, ఈల కొడతాం, డబ్బా కొడతాం, వీటిల్లో దేనికీ ఎవరికీ దెబ్బ తగలదు. ఓడ దాకా నడిచే దారిలో నేను ఇలాంటివే ఆలోచిస్తూ వెళ్ళాను. పన్నెండు కుటుంబాల గురించి ఆలోచించడం కంటే అది తేలిక.

ఓడెక్కి చూస్తే మూడు హ్యాచ్‌లు మామూలుగానే గోల చేస్తున్నాయి. రెండోది మాత్రం నిశ్శబ్దంగా ఉంది. నాలుగు మడతలు పెట్టిన గోనెపట్టా మీద హుక్కు పడుకుని ఉంది. దాని చుట్టూ గ్యాంగు కూర్చుని ఉంది. వించ్ సీటు మీద ఎర్ర తువ్వాలు తప్ప మనిషి లేడు. అప్పటికి నేను చాలా సమ్మెలు చూశాను. సమ్మెలో ఉన్న మనుషులు ఇంత నిశ్శబ్దంగా ఉండరు. ఉందామన్నా యూనియన్ వాళ్ళు ఉండనివ్వరు.

మేస్త్రి పైడయ్య లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఏంటి పైడయ్యా ఇది?"

"ఏటుంది బాబూ. నూకరాజు ఎల్పోనాడు."

"ఎక్కడికి?"

"ఎక్కడికెల్తాడు బాబూ? సచ్చిపోనాడు. తెల్లారగట్ల. పెద్దాసుపత్రికి తీసుకెల్తే డాట్రుబాబు స్ట్రోకన్నాడంట."

నూకరాజు ఆ గ్యాంగు వించ్ డ్రైవరు. బస్తాల కట్టని అంత ఎత్తు నుంచి దించి, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు పెట్టేవాడని హార్బరంతా చెప్పుకునేవారు.

"ఆడు మట్టయ్యేదాకా హుక్కు లేపకూడదు బాబూ," అన్నాడు పైడయ్య. "మా తాతల నాట్నుంచీ అంతే. గ్యాంగోడు పోతే అందరం సెయ్యేసి హుక్కు దించుతాం. మల్లీ లేపినప్పుడు ఒక్కపాలి ఉట్టి హుక్కే లేపుతాం. ఆ తరవాతే సరుకు."

"మరి ఆఫీసుకి ముందుగా ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"ఆడు మాకు ముందుగా సెప్పి సచ్చిపోనాడేటి బాబూ?"

వెనక కూర్చున్న అప్పన్న తల ఎత్తకుండానే అన్నాడు: "సెప్పుంటే మేవే ఒద్దనేవోల్లం."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు.

"అక్కడ కార్యక్రమం అయిపోయిందని మీకు ఇక్కడ ఎలా తెలుస్తుంది?"

"మా అయ్యల నాడు ఓడ మీంచి పొగ సూసీవోరు. ఇప్పుడు ఫేక్టరీలొచ్చీసి ఊరంతా పొగే గదా. ఏ పొగ ఎవుడిదో తెల్డం లేదు. అందుకని ఆడి బావమరిది జెట్టీ మీదకొచ్చి తువ్వాలు ఊపుతాడు."

విశాఖపట్నం పారిశ్రామికాభివృద్ధి గురించి అంత క్లుప్తమైన సమీక్ష నేను మరెక్కడా వినలేదు.

"పైడయ్యా, నన్ను పంపింది పన్నెండు మంది పేర్లూ రాసుకురమ్మని. తెలుసా?"

"రాసుకోండి బాబూ. పదకొండు మందిమే ఉన్నాం."

కలం జేబులో పెట్టేసుకున్నాను.

"పేర్లు కొట్టేత్తారేటి?" అని అడిగాడు.

"కొట్టేస్తారేమో."

"పిల్లలున్నోల్లం బాబూ," అన్నాడు. హుక్కు వైపు చూశాడు. "అయినా ఇప్పుడు లేపలేం."

ఇంతలో ఓడ చీఫ్ మేటు, అంటే కెప్టెన్ తరవాతి అధికారి, నన్ను తన గదికి పిలిచాడు. స్కాట్లండ్ పెద్దమనిషి. పాలు లేని టీ ఇచ్చి, అది ఆతిథ్యమే అన్నట్టు చూశాడు. ఏజెంటుకి స్ట్రైక్ అని కబురు పంపింది ఆయనే. నేను సంగతి చెప్పాను. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

తరవాత ఆయన చెప్పింది ఇది. ఓడ భాషలో స్ట్రైక్ అంటే కొట్టడం కాదట, దించడమట. జెండా దించినా స్ట్రైకే, తెరచాప దించినా స్ట్రైకే. రెండు వందల ఏళ్ళ కిందట లండన్ రేవులో నావికులు జీతాలు చాలక తెరచాపలు దించేసి, ఓడలు కదలవన్నారట. అప్పట్నుంచి పని ఆపడానికి అదే పేరయిందట.

"మీవాళ్ళు చేసింది మావాళ్ళు చేసిన పనే. దించారు. కాకపోతే మావాళ్ళు జీతం కోసం దించారు," అన్నాడు.

ఎమ్మేలో రెండేళ్ళు గడిపినా నాకు ఎవరూ చెప్పని సంగతి. చాలా బాగుంది. కానీ ఆనందరావు గారికి చెప్పి పదకొండు ఉద్యోగాలు నిలబెట్టేంత బాగా మాత్రం లేదు.

బయటికి వచ్చేసరికి జెట్టీ మీద ఆఫీసు కారు ఆగి ఉంది. ఆనందరావు గారు గ్యాంగ్‌వే మెట్లు ఎక్కుతున్నారు. మేనేజర్ అయ్యాక ఆయన ఓడెక్కడం నేను చూడ్డం అదే మొదటిసారి. రెండు చేతులా తాడు పట్టుకుని, కింద నీళ్ళు లేవని తనకి తాను నచ్చజెప్పుకుంటున్నట్టు పైకే చూస్తూ వచ్చారు. రొప్పుతూనే అడిగారు.

"ఎవడయ్యా పని ఆపింది?"

పైడయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "నూకరాజు బాబూ."

"ఏడీ? రమ్మను."

పైడయ్య వించ్ సీటు చూపించాడు. ఆనందరావు గారు ఎర్ర తువ్వాలు చూశారు. గోనెపట్టా మీది హుక్కు చూశారు. నా వైపు చూశారు. నేను తల దించాను.

"వించ్ నూకరాజా?" అన్నారు. "ఎప్పుడు?"

"తెల్లారగట్ల బాబూ."

ఆయన జేబురుమాలు తీసి ముఖం తుడుచుకుని, చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నారు. తరవాత నాకు మాత్రమే వినిపించేట్టు అన్నారు. "నేను బస్తాలు లెక్కపెట్టే టాలీ క్లర్కుగా చేరిన కొత్త. హోల్డులో నిచ్చెన విరిగింది. నన్ను సరుకు వలలో కూచోబెట్టి కిందికి దించాడు. భయంతో కళ్ళు గట్టిగా మూసుకున్నాను. 'కళ్ళు తెరండి బాబూ, దిగిపోనారు' అని పైనుంచి కేక. ఎప్పుడు నేలకి ఆనానో నాకు తెలీనే లేదయ్యా."

వంగి హుక్కు మీద చెయ్యి పెట్టారు. దాని వంపు పొడుగునా మెల్లగా నిమిరారు. తెల్ల చొక్కా చేతికి గ్రీజు అంటుకుంది. చూసుకోలేదు.

"మూర్తీ, ఓనర్లకి ఇలా రాయి. 'రెండో హ్యాచ్. వించ్ డ్రైవరు అందుబాటులో లేడు. ఏర్పాటు జరుగుతోంది.'"

"ఓనర్లు గట్టిగా అడిగితే సార్?"

"అందులో అబద్ధం ఏదైనా ఉందా?"

"లేదు సార్."

"అయితే అడగనీ."

ఆయన వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. అప్పన్న ఒక గోనెసంచి దులిపి వేస్తే, దాని మీద కూర్చున్నారు. ఎండ నడినెత్తికి వచ్చాక జెట్టీ మీద ఒక మనిషి కనిపించి తువ్వాలు ఊపాడు. పదకొండు మందీ లేచి హుక్కుకి చెయ్యి తగిలించారు. అప్పన్న వెళ్ళి వించ్ సీటులో కూర్చుని, నూకరాజు ఎర్ర తువ్వాలు తన మెడలో వేసుకున్నాడు. ఉట్టి హుక్కు పైకి లేచి, డెరిక్ కొసదాకా వెళ్ళి, దిగి వచ్చింది. ఆ తరవాతే బస్తాలు. సాయంత్రానికి రెండో హ్యాచ్ మిగతా మూడింటినీ అందుకుంది. అందుకోమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఓనర్లు గట్టిగా అడగలేదు. అందుబాటులో లేని మనిషిని ఏం చెయ్యగలరు?

నాలుగేళ్ళ తరవాత యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పెద్ద నిఘంటువులో ఆ మాట వెతికాను. చీఫ్ మేటు చెప్పింది నిజమే. అయితే ఇంకా వెనక్కి వెళితే, కొట్టడమూ లేదు, దించడమూ లేదు. స్ట్రైక్ అంటే మొదట్లో చేత్తో మెల్లగా పామడం, నిమరడం. కుంచం మీద గింజల పోగుని చేత్తో చదును చేసినట్టు. వెయ్యేళ్ళలో ఆ చెయ్యి బరువెక్కి దెబ్బ అయింది. డాక్టరు చెప్పిన స్ట్రోక్ కూడా ఆ ఇంటి పిల్లే. ఆనందరావు గారి చొక్కాకి అంటిన గ్రీజు గుర్తొచ్చింది. నిఘంటువు మూసేశాను.

ఆ కేసు నేర్పింది పెద్ద విషయమేం కాదు. ఫోనులో వచ్చిన మాటని కాగితం మీద పెట్టేముందు గ్యాంగ్‌వే ఎక్కి చూడాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఎక్కుతూనే ఉన్నాను. మోకాళ్ళకి నచ్చకపోయినా.

1986 వానాకాలంలో, రిటైరవడానికి ఇంకా కొన్నాళ్ళుందనగా, ఆనందరావు గారు నిద్రలోనే పోయారు. మర్నాడు ఆఫీసు తాళం తీస్తుంటే పైడయ్య వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు.

"బాబూ, ఆరి తరపున జెట్టీ మీద తువ్వాలు ఊపీవోడు ఎవుడూ లేడు. మీరే ఊపాల."

"ఆయన గ్యాంగు మనిషి కాదు కదా పైడయ్యా."

"ఆ పొద్దు మాతో గోని మీద కూకున్నాడు గదా బాబూ," అని తన తువ్వాలు తీసి నా చేతికిచ్చాడు.

సమాధుల తోటకి బయల్దేరబోతుంటే ఫోను మోగింది. ఏజెంటు ఆఫీసులో కొత్తగా చేరిన ఆయన.

"మీ గ్యాంగులు నాలుగు హ్యాచ్‌ల్లోనూ హుక్కులు దించేశాయి. స్ట్రైకా?"

"కాదండీ," అన్నాను. "మా మేనేజర్ గారు అందుబాటులో లేరు."

మట్టి కార్యక్రమం ముగించుకుని, బురద బూట్లతోనే జెట్టీ మీదకి వెళ్ళాను. ప్యాంటూ షర్టూ వేసుకుని తువ్వాలు ఊపే మనిషిని చూసి గేటు దగ్గర కొందరు ఆగారు. బాగా ఎత్తుగా ఊపాను. ఓడ మీద నాలుగు ఉట్టి హుక్కులు, ఒకదాని వెనక ఒకటి, పైకి లేచాయి.