తిరుత్తణి పాత్రల అంగడిలో తేలిన త్రీడీ లెక్క

నేరం జరిగిందన్న చోటును కంప్యూటర్లో త్రీడీ నమూనాగా కట్టి లాయర్లకు ఇవ్వడం నా పని. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో తేల్చుకోలేక రెండింటి ట్రయల్ వెర్షన్లు లాప్‌టాప్‌లో పెట్టుకుని తిరుగుతున్న రోజుల్లో, తిరువళ్ళూరు నుంచి లాయరు స్నేహితురాలు రమ్మంది. మొదటిది ఫోన్ ఫోటోలనుంచే గదిని కట్టేస్తుంది. రెండోదానికి టేపుతో కొలిచి ఒక్కొక్క వస్తువునూ మనమే పెట్టుకోవాలి. ఈ కాలంలో టేపు పట్టుకుని పాకేదెవరు? మొదటిదే కొంటానని రైలెక్కకముందే తీర్మానించేశాను.

ఉదయం ఆరున్నరకు చెన్నైలో లోకల్ ఎక్కాను. ఆ వేళ అటువైపు రైళ్లు ఖాళీ, టికెట్ ఒక టీ ఖర్చంత. ఎనిమిదికల్లా తిరువళ్ళూరు. ఇడ్లీ తింటూనే స్నేహితురాలు కేసు చెప్పింది. తిరుత్తణిలో ఒక స్టీలు పాత్రల అంగడి. సరుకు తెచ్చిన మనిషి అటక నిచ్చెన మీదనుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇరవయ్యేళ్లుగా అక్కడ పనిచేస్తున్న మునిరత్నం తోసేశాడని ఫిర్యాదు. మునిరత్నం తరఫు లాయరు మా స్నేహితురాలే. ఎదురు టీకొట్టు బెంచీ మీద కూర్చుని కళ్ళారా చూశానని ఒక సాక్షి.

"ఆ బెంచీ నుంచి నిచ్చెన కనపడుతుందా లేదా, అదొక్కటి తేల్చు. కనపడిందంటే మునిరత్నం జైలుకే," అంటూ ఫైలు చేతిలో పెట్టింది.

బస్సులో గంటంబావు ప్రయాణం. అంగడి యజమాని గోవిందశెట్టిగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"రాండమ్మా! మీకు అడ్డం రాకూడదని నిన్ననే అన్నీ దించి, తోమి పెట్టినాము."

ఆ మర్యాదకు మురిసిపోయి రెండు వందల ఫోటోలు తీశాను. ఎదురు టీకొట్టు బెంచీ మీద కూర్చుని గంటలో నమూనా తయారుచేశాను. మెరుపుకి గిన్నెలు కరిగిన మైనంలా వచ్చాయి సరే, బెంచీ నుంచి చూస్తే నిచ్చెన మొత్తం కనపడుతోంది! మునిరత్నం నా పక్కనే నిలబడి స్క్రీన్ చూస్తున్నాడు.

టీ తెచ్చిన కొట్టాయన అంగడి వైపు చూసి నవ్వాడు. "ఏందక్కా, ఈపొద్దు ఇంత బోడిగా ఉంది? దినమూ పెద్ద అండాలు వరసగా యాలాడతా ఉంటాయి. ఈడినుంచి నిచ్చెన యాడ కనపడుతుంది?"

ఫైలు తెరిచాను. పోలీసులు ఆరోజు తీసిన ఫోటోలో అండాలు, నీళ్ళు కాచుకునే పెద్ద పాత్రలు, వరసగా వేలాడుతున్నాయి. పొద్దున నేను నిచ్చెన ఒక్కటే చూసి ఫైలు మూసేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఏ కొక్కేనికి ఏ నంబరు అండానో నిద్రలో లేపి అడగండమ్మా, చెప్తాను," అన్నారు శెట్టిగారు. మునిరత్నం టేపు చివర పట్టుకున్నాడు, నేను పాకాను. రెండో సాఫ్ట్‌వేర్లో గోడలకు బూడిద రంగు ఇచ్చి, ఫోటో చూసి తిరిగి వేలాడదీసిన అండాలకు నీలం వేశాను. ఏది కొలిచిందో, ఏది తిరిగి పెట్టిందో జడ్జికి తెలియాలి. ఇప్పుడు బెంచీ నుంచి నిచ్చెన కింది రెండు మెట్లు తప్ప ఏమీ కనపడలేదు.

మునిరత్నం ఆ బెంచీ మీదే కూర్చుని స్క్రీన్‌ను చాలాసేపు చూశాడు. "ఇన్నాళ్లూ నోటితో చెప్పినానమ్మా, ఎవురూ నమ్మలా. ఇంక చూపించొచ్చు."

నాకు కళ్ళు చెమర్చాయి. తీర్పు కోర్టుది, కానీ ఆ నమూనాను ఏ ప్రశ్నకైనా నిలబెట్టగలను. రెండో సాఫ్ట్‌వేర్ తిరుగు రైల్లోనే కొనేశాను. నేను తీసే ఫోటో ఈరోజును మాత్రమే చూపిస్తుంది, నాకు కావాల్సింది ఆ రోజు. ఇలాంటి పనిమీద వెళ్ళేవాళ్ళకు ఒకే సలహా: ముందురోజే ఫోన్ చేసి, నాకోసం ఏదీ సర్దకండని చెప్పండి.