మామగారి తూటాలు

ఉమ్సునాయ్ కోడలిగా వచ్చిన కొత్తలో కొండల మధ్య కరాబెలెస్ ఊరి ఆడవాళ్ళు ఆమె చేతుల్ని చూసి నవ్వుకునేవాళ్ళు. రొట్టెకి పిండి ముద్దలు చేసేటప్పుడు కూడా ప్రతి ముద్దనీ వేళ్ళ మధ్య తిప్పి, వెలుగుకి పట్టి చూసేది. అది గోదాములో అబ్బిన అలవాటు. పెళ్ళికి ముందు ఆమె సరస్సు ఒడ్డు పట్నంలో సైన్యం గోదాములో పనిచేసింది. పొడుగాటి బల్ల ముందు ఆడపిల్లలు వరసగా కూర్చుని పాత తూటాల్ని ఒక్కొక్కటే తిప్పి చూడడం, మంచివి ఒక పెట్టెలో, చెడ్డవి ఇంకో పెట్టెలో వేయడం, ఇదే పని. ఇత్తడి మెడ మీద వెంట్రుకంత పగులున్నా, పచ్చ చిలుము పట్టినా, గుండు వదులై కదిలినా అది చెడ్డ పెట్టెలోకే.

మామగారు పేరు మోసిన వేటగాడు. ఆయనది యుద్ధం నాటి రైఫిలు. తూటాలేమో సైన్యం వద్దనుకున్న పెట్టెల్లోంచి చేతులు మారుతూ వచ్చినవి. వాటిని ఒకసారి చూస్తానంది కొత్త కోడలు. "కోడలొచ్చిందనుకున్నా, తనిఖీ అధికారి వచ్చిందా మా ఇంటికి?" అని ముసలాయన నవ్వేసి, తోలుసంచీని పొయ్యి గోడలో ఉన్న గూట్లో పెట్టి తలుపు మూసేశాడు. తేమ తగులుతుందని ఆయన భయం. చలికాలమంతా ఆ గోడ చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉండేది. తేమ చేసే చెరుపు కన్నా ఆ వేడి చేసే చెరుపే ఎక్కువని ఆమెకి తెలుసు. కానీ మామగారి ముందు కోడలు రెండోమాట ఎత్తే ఇల్లు కాదది. పాలగిన్నె తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో తల్లిలేని పిల్లాడొకడు ఉండేవాడు, మరిది కెరిమ్‌కుల్. వాడు వదిన వీపు మీదే పెరిగాడు. పెద్దయ్యాక గొర్రెల మంద, తండ్రి రైఫిలు రెండూ వాడికే దక్కాయి. తూటాలు మాత్రం ముసలాయన ఇవ్వలేదు. నీ సంపాదనతో కొనుక్కోమన్నాడు.

తొంభై దాటి, ఎవరికీ భారం కాకుండా, ఒక శరదృతువులో ఆయన పోయాడు. అంత నిండు ఆయుష్షు చూసినవాడు పోతే ఆ ఇంటి వస్తువుల్ని వచ్చినవాళ్ళకి తెబెరిక్‌గా పంచుతారు. గుడ్డముక్కైనా, చెంచా అయినా తీసుకెళ్ళిన ఇంటికి ఆయన ఆయుష్షు అంటుతుందని నమ్మకం. దాన్ని వద్దనరు, పారెయ్యరు, ఒకసారి ఇచ్చాక వెనక్కి అడగరు. వేటగాళ్ళకి గుడ్డలేం ఇస్తామని ఉమ్సునాయ్ భర్త ఇస్మనాలి తూటాల సంచీ తెచ్చి విప్పాడు. ఆమె అప్పుడు శవాన్ని ఉంచిన ఉన్ని గుడారంలో, గుమ్మానికి వీపు పెట్టి, మిగతా ఆడవాళ్ళతో కలిసి శోకం పాడుతోంది. బయట ఇత్తడి గలగల వినపడింది. పాట మధ్యలో కోడలు లేవకూడదు. లేవలేదు. పాడుతూనే ఉంది.

నలభయ్యో రోజు కార్యమయ్యాక తోడేళ్ళు దిగాయి. పై పచ్చిక మీద గుర్రంపిల్లని చీల్చాయని కబురొస్తే కెరిమ్‌కుల్ రైఫిలూ, తన వంతుకొచ్చిన తెబెరిక్ తూటాలూ తీసుకుని వెళ్ళాడు. ఆ మర్నాడు పొద్దున పొయ్యి గోడకి మట్టి మెత్తుతూ ఉమ్సునాయ్ గూడు తెరిచింది. అడుగున సంచీలోంచి జారిపోయిన తూటాలు కొన్ని కనపడ్డాయి. ఒకటి తీసి కిటికీ దగ్గర తిప్పింది. మెడ మీద పగులు. రెండోదీ అంతే. పట్టకారుతో గుండు లాగి లోపలి మందు అరచేతిలో పోసుకుంటే గడ్డలు కట్టి ఉంది. పులిసిపోయిన వాసన ముక్కుని పొడిచింది.

అదే చెయ్యి తీసుకెళ్ళి భర్త ముఖం ముందు పెట్టింది.

"నాన్న జీవితాంతం వీటితోనే కొట్టాడు" అన్నాడు ఇస్మనాలి.

"మామయ్య తుపాకీ దించి ఎన్నేళ్ళయింది? అన్నేళ్ళూ ఇవి గోడలో ఉడికాయి. మందు సగమే మండిందనుకో, గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. తెలీక రెండోది పేలిస్తే మొహం మీదకొస్తుంది."

అతను ఆ మందుని వేలితో నలిపి చూశాడు. "తెబెరిక్ వెనక్కడిగితే ఊరేమంటుందో తెలుసా?"

"తెలుసు. నువ్వు తమ్ముడి దగ్గరికెళ్ళు. ఊళ్ళో ఇళ్ళు నేను చూసుకుంటా."

అతను కనుమ దారి పట్టాడు. ఆమె గుమ్మం గుమ్మం ఎక్కింది. ప్రతి ఇంట్లో టీ పోశారు, రొట్టె విరిచారు, తూటాలు మాత్రం ఇవ్వలేదు. నక్కలకైతే వాడుకోవచ్చా అని ఒకడు వేళాకోళమాడాడు. దెబ్బ తగిలేది నక్కకి కాదు, నీ కంటికి అందామె. పక్కవీధి షార్కన్ నోరు అసలే పదును. "చచ్చినాయన ఆయుష్షు పంచిపెట్టి, తూకంలో ఎక్కువేశామని వెనక్కి తీసుకుంటున్నారా? అలాంటి కోడల్ని నేనింతవరకూ చూళ్ళేదమ్మా" అంది. ఉమ్సునాయ్ తర్వాతి గుమ్మం ఎక్కింది. వాటిని రైఫిల్లో మాత్రం పెట్టొద్దని అందరికీ చెప్పి, వట్టి చేతులతో తిరిగొచ్చింది.

పొద్దు వాలేవేళకి ఇస్మనాలి వచ్చాడు. అతని జీను ముందు, తలంతా శాలువా చుట్టి, కెరిమ్‌కుల్. కనుమ సగంలోనే ఎదురయ్యాడట. ముందురోజు సాయంత్రమే, మంద మీద పడ్డ తోడేళ్ళని చూసి పేల్చాడు. తుపాకీ దగ్గినట్టు చిన్న చప్పుడు చేసింది. తూటా చెడిందనుకుని ఇంకోటి పెట్టి మళ్ళీ నొక్కాడు. గొట్టం పగిలిపోయింది. పట్నం ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు. ఎడమకన్ను నిలపలేకపోయారు.

వాడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి ఊరు తీర్పు చెప్పేసింది. ఇచ్చిన ఆయుష్షుని కోడలు వెనక్కడిగింది, అడిగిన రోజే అది తిరగబడి ఆ ఇంటివాడి మీదే పడింది. ఈ మాట షార్కన్ మొదలెట్టిందో ఇంకెవరో, ఉమ్సునాయ్ బావి దగ్గరికి వెళితే చాలు, కబుర్లు ఆగిపోయేవి.

కెరిమ్‌కుల్ చెవిన పడ్డాక వాడు పక్కమీంచి లేవబోయాడు. "ఇప్పుడే పోయి చెప్తా వదినా. నేను పేల్చింది ముందురోజు, నువ్వడిగింది మర్నాడు. ఆ మాత్రం లెక్క రాదా వీళ్ళకి?"

"పడుకో."

"నిన్నంటుంటే వింటూ పడుకోమంటావా?"

ఆమె వాడి భుజం మీద చెయ్యి వేసి పడుకోబెట్టింది. "పొద్దున్న గుమ్మం ముందు రుమాల్లో కట్టి ఎవరో తూటాలు పెట్టి వెళ్ళారు. నిన్న ఇంకొకరు. నేను గడప గడపా బతిమాలితే ఒక్కరూ ఇవ్వలేదురా. ఇప్పుడు భయపడి తెచ్చి పెడుతున్నారు. ఆ భయం నువ్వు పోగొట్టకు."

"అయితే నువ్వు పాపిష్టిదానివై కూర్చోవాలా?"

"నిజం చెప్తే తప్పు ఎవరి మీదికి పోతుంది? నిన్నగాక మొన్న మట్టిలో పెట్టిన మీ నాన్న మీదికి. మన ఇంట్లో ఒకరి మీద పడాలంటే నా మీదే పడనీ. నేనింకా మొయ్యగలను."

వాడు గోడవైపు తిరిగాడు. మిగిలిన ఒక్క కంటితో ఏడవడం వాడికింకా అలవాటు కాలేదు. కట్టు తడిసింది. ఆమె కట్టు మార్చింది.

రుమాళ్ళు వస్తూనే ఉన్నాయి. కొందరు రొట్టెముక్క కూడా జతచేసి పెట్టారు, చనిపోయినాయనకి కోపం రాకూడదని. ఇస్మనాలి వాటన్నిటినీ మూటగట్టి సరిహద్దు చౌకీలో సైనికులకి అప్పగించి వచ్చాడు. తిరిగొచ్చాక చాలాకాలం పొయ్యి గోడ వైపు చూసేవాడు కాడు.

ఒక్క సెయిట్కాజి మాత్రం పంపలేదు. మామగారికి చిన్ననాటి స్నేహితుడు, వేటలో జోడీ. అందరికన్నా పెద్ద గుప్పెడు ఆయనకే వెళ్ళింది. ఉమ్సునాయ్ వెళ్ళి నిజమంతా ఆయనకొక్కడికే చెప్పింది, గూటి సంగతితో సహా. ముసలాయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుందమ్మాయ్. నీ మామ మొండివాడని నీకంటే ముందు నాకు తెలుసు."

"మరైతే ఇచ్చెయ్యండి చిన మామయ్యా."

"వాడు నాకిచ్చిన చివరి వస్తువులు. సైనికుల చేతిలో పెట్టడానికా? ఊళ్ళో వాళ్ళలా నేను జడిసేవాణ్ణి కాదు. పేలితే ఎక్కడికి పోతాను, వాడి దగ్గరికే గదా."

ఆమె ఇంకా కూర్చుంది. టీ చల్లారింది. చివరికి ఆయనే లేచి, ఈ మాట ఇంకెత్తకు అని గుమ్మం దాకా సాగనంపాడు.

ఆ చలికాలమంతా సెయిట్కాజి గుట్ట మీద వేటాడుతూనే ఉన్నాడు. చప్పుడు వినపడిందంటే ఉమ్సునాయ్ పాలు పితికే చెయ్యి ఆపేసేది. కొండలు దాన్ని తిప్పి తిప్పి కొడితే, నిండైన చప్పుడు కదా అని ఊపిరి వదిలేది. ఆవు తల తిప్పి చూసేది. ఆమె మళ్ళీ పొదుగు అందుకునేది. రెండో చప్పుడు కోసం చెవి మాత్రం గుట్ట వైపే ఉండేది.