పక్కింటి అక్క బెల్లు కొట్టే తీరు

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, విజయవాడ పటమటలో మా వీధి మొత్తానికీ పక్కింట్లోనే టింగ్ టాంగ్ బెల్లు ఉండేది. స్విచ్ నొక్కితే టింగ్, వదిలితే టాంగ్. పక్కింటి అక్క కాలేజీ నుంచి వచ్చి వేలు నొక్కిపట్టి అలాగే నిలబడేది. వాళ్ళమ్మ, నేను వరసకి పిన్నిగారూ అని పిలిచే ఆవిడ, "వదలవే, కాయిల్ కాలిపోద్ది!" అని కేకలేస్తూ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాకే వదిలేది.

ఆ ఏడు వానాకాలంలో అక్క మెదడువాపు జ్వరంతో పోయింది. నెల తిరక్కముందే నేనో పాడుపని చేశాను. అమ్మ ఇచ్చిన పెరుగు గిన్నెతో వెళ్ళి, ఏం బుద్ధి పుట్టిందో, అచ్చం అక్కలాగే నొక్కిపట్టాను. పిన్నిగారు పరుగున వచ్చి తలుపు తీసి, నన్ను చూసి గడపలోనే కూలబడిపోయింది. తిట్టినా బాగుండేది.

మా నాన్న తమ్ముడైన బాబాయికి ఆటోనగర్‌లో లారీ ఇంజన్లని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆ బెల్లు తీసేసి బజర్ పెడదామని మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. పిన్నిగారు ఒప్పుకోలేదు.

"మార్చకండి అన్నయ్యగారూ. నిన్న ఆ కాసేపూ మా పిల్లే వచ్చిందనుకున్నా. కాయిల్ పోద్దని రోజూ దాన్ని అరిచేదాన్ని. పోతే పోయేదండీ, పాడు కాయిలు!"

బాబాయి దాన్నే కాలకుండా చేసి తెస్తానని బెల్లు విప్పి షెడ్డుకి తెచ్చాడు. బెల్లు లోపలుండే సోలనాయిడ్‌ను నేను చూడటం అదే మొదలు. కాయిల్ అనే తీగచుట్టలో కరెంటు ఉన్నంతసేపూ లోపలి ఇనుపకడ్డీని లాగిపట్టుకుంటుంది. ఆగగానే స్ప్రింగు దాన్ని వెనక్కి నెడుతుంది.

"వీటిల్లో రెండు రకాలమ్మా. లారీ సెల్ఫ్‌లోది ఒక్క క్షణం లాగటానికే, ఎక్కువసేపు పట్టుకుంటే కాలుద్ది. ఇంజనుకి డీజిల్ వదిలే వాల్వులోది బండి నడిచినంతసేపూ పట్టుకునే ఉండాలి. ఈ బెల్లుది మొదటి రకం" అన్నాడు బాబాయి. అంటూనే పాత తీగ ఊడదీసి, సన్నతీగతో చాలా చుట్లు చుట్టి, దాన్ని ఎంతసేపు నొక్కిపట్టినా కాలని రెండో రకం చేసేశాడు. మోత కాస్త తగ్గింది.

సాయంత్రం బిగించాక నన్నే నొక్కమన్నాడు. పిన్నిగారు లోపలికెళ్ళి తలుపేసుకుంది. భయపడుతూనే నొక్కిపట్టాను. ఆమె రాలేదు. తలుపు వెనక ఏడుపు వినిపిస్తోంది. వేలు నొప్పెట్టింది, నాకూ ఏడుపొచ్చింది. బాబాయి మాత్రం వదలమనలేదు. చాలాసేపటికి ఆమె తలుపు తీసి, నా వేలిని తన చేత్తోనే స్విచ్ మీంచి తీసింది.

ఆ రోజు బాబాయి ఆమెకు ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. చావు జరిగిన ఇంటికి వెళితే ఇప్పటికీ నాకు మాటలు రావు. ఏడవొద్దని మాత్రం ఎవరినీ అనను. వాళ్ళంతట వాళ్ళు లేచేదాకా పక్కన కూర్చుంటాను.