మూత ఉండెనా?

కోరుట్ల బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో లక్ష్మీరాజం కూర్చున్నంతసేపు ఎవరూ ‘ఆవిరి’ అనే మాట ఎత్తరు. ఎత్తితే రుజువు చూపించాలి.

సిరిసిల్లలో నూలుకు గంజి పట్టించే మిల్లులో ముప్పయ్యేళ్లు బాయిలర్ కాసిన మనిషి. ఆవిరితో అంతకాలం కాపురం చేసినవాడికి ఆ మాట మీద హక్కులుంటాయని ఊరు కూడా ఒప్పుకుంది. నీళ్లు తప్ప లోకంలో ఇంకేదైనా ఆవిరైందని ఎవరన్నా అన్నారో, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ఒకటే ప్రశ్న వేస్తాడు.

“మూత ఉండెనా?”

ఈ ప్రశ్నకు అందరికంటే ఎక్కువ బలైంది ప్రేమ్‌కుమార్. పాపం, అతను ఒక పత్రికకు కోరుట్ల విలేకరి. వానలు పడకపోతే ‘రైతుల ఆశలు ఆవిరి’. రోడ్డు పడకపోతే ‘హామీలు ఆవిరి’. మ్యాచ్ ఓడితే ‘కప్పు కల ఆవిరి’. ఆ మాట తీసేస్తే అతని కలంలో సిరా మాత్రమే మిగులుతుంది. పొద్దున పేపర్ రాగానే లక్ష్మీరాజం ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, అతని కోసం కాచుక్కూర్చుంటాడు.

“ఏం రా పేపరోడా, రైతుల ఆశలు ఎన్ని డిగ్రీలకు మరిగినయ్?”

“అది మాటవరసకు రాస్తం కాకా.”

“నేను మాటవరసకు బాయిలర్ నడిపితే సిరిసిల్ల మిగులునారా?”



జగిత్యాలలో ఒక పెళ్లికి ఇద్దరూ కలిసి వెళ్లారు. నాలుగో బంతి లేచేసరికి పెళ్లికొడుకు తండ్రి నెత్తి కొట్టుకుంటూ వచ్చాడు. “మటనంత ఆవిరైంది! ఒక్క ముక్క లేదు!” లక్ష్మీరాజం తింటున్న విస్తరి వదిలేసి వంటల దగ్గరికి పోయాడు. గుండిగలు చూశాడు, మూతలు చూశాడు, వంటవాళ్లను విచారించాడు. వచ్చి పదిమందిలో తీర్పు చెప్పాడు.

“ఆవిరి కాలే. మీ బావ మొదటి బంతిల కూసున్నడు, మూడో బంతిల మల్ల కూసున్నడు. అనుమానముంటే చెయ్యి వాసన చూడుండ్రి.”

ఆ బావ ఇప్పటికీ లక్ష్మీరాజం కనిపిస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాడు.

సరిగ్గా మాట్లాడినవాళ్లకు మాత్రం బహుమానం ఉంటుంది. సిరిసిల్ల నుంచి వస్తుంటే మల్యాల దగ్గర బస్సు ఆగిపోయింది. “రేడియేటర్ల నీళ్లన్ని ఆవిరైనయ్” అన్నాడు డ్రైవరు. జనమంతా తిట్టుకుంటుంటే లక్ష్మీరాజం దిగిపోయి డ్రైవరు చెయ్యి పట్టుకుని ఊపాడు. “ఇన్నొద్దులకు ఒక్కడు సక్కగ మాట్లాడిండు!” అని చాయ్ తాగించేదాకా వదల్లేదు.

ఒక్కసారి మాత్రం నవ్వులాట చెడింది. “రేకులేసే మేస్త్రీ నాలుగొద్దుల సంది ఆవిరైండు” అని హోటల్ గంగారాం ఏదో అలవాటుగా అన్నాడు. లక్ష్మీరాజం మూత సంగతి అడగలేదు. బల్ల మీద ఒక్కటేశాడు. చాయ్ ఒలికిపోయింది.

“మనిషి ఆవిరి కాడు! యాడనో ఉంటడు. తెలుసుకొని మాట్లాడు!”

అలాగే లేచి వెళ్లిపోయాడు. “కాకకు ప్రెషర్ పెరిగింది, ఎవరన్న విజిల్ తియ్యుండ్రి” అని గంగారాం అంటే అందరూ నవ్వారు. ప్రేమ్‌కుమార్ కూడా నవ్వాడు.

ఆ వారమే జగిత్యాల ఆఫీసు నుంచి అతనికి ఫోనొచ్చింది. కోరుట్ల నుంచి మస్కట్ పోయిన సాయికుమార్ అనే అతను ఐదు నెలలుగా ఫోన్ చేయడం లేదట, వార్త పంపమన్నారు. బండి మీద వెళ్తుండగానే ప్రేమ్‌కుమార్‌కు శీర్షిక తట్టేసింది: ‘ఎడారిలో ఆవిరైన ఆశలు’. తీరా చూస్తే సాయికుమార్ ఇల్లు లక్ష్మీరాజం ఇంటికి ఆనుకునే ఉంది. ముసలాయన గడపలోనే అడ్డం నిలబడ్డాడు.

“వార్తకు ఏం పేరు పెడుతున్నవ్?”

ప్రేమ్‌కుమార్ భయపడుతూనే చెప్పాడు. ఎర్ర పెన్ను బయటికి రాలేదు. ఆయన రెండు చేతులూ జోడించాడు.

“దండం పెడత కొడుకా. గా ఒక్క మాట రాయకు.”

లోపల సాయికుమార్ భార్య సంగీత బీడీలు చుడుతోంది. పక్కన ఆరేళ్ల కూతురు ప్రీతి, పొయ్యి మీద నుంచి దించిన అన్నం గిన్నె మూత ఎత్తి, దాని లోపలి వైపు శ్రద్ధగా చూస్తోంది.

“ఎవలో దీని ముందట అన్నరు, ‘ఇగ మీ బాపు ఆవిరైండు’ అని,” లక్ష్మీరాజం గొంతు తగ్గించాడు. “పిల్లకేం తెలుసు? అది నీళ్లు ఆవిరైతే చూసింది. ఇగ పొయ్యి ముట్టియ్యనియ్యది. గిన్నె మీద ఆవిర్లు లేస్తే, బాపు కిటికీల నుంచి పోతుండని ఒకటే ఏడ్పు. రెండొద్దులు బ్రెడ్డే తిన్నరు. అప్పుడు నేనే నీళ్లు కాగబెట్టి, మూత పెట్టి, తీసి సూపెట్టిన. ‘యాడికి పోయింది బిడ్డా? యాడికి పోలే. గీ మూతకే ఉన్నది. సల్లబడితే కిందికి దిగుతది’ అన్న. గప్పటి సంది పూటపూటకు మూత చూసుకుంటది. చుక్కలుంటే బాపు ఉన్నట్టు.”

“మరి మాతోని గా కొట్లాటలన్ని?”

“గిన్నెకు మూత పెడితి. ఊరందరి నోర్లకు మూతలు యాడికెల్లి తేవాలె చెప్పు?”

ప్రేమ్‌కుమార్‌కు అప్పుడు లెక్క కుదిరింది. ఈయన మిల్లు మానేసి పదేళ్లు. ఎర్ర పెన్ను కొన్నది మాత్రం ఈ చలికాలంలోనే. తను నవ్విన నవ్వు గుర్తొచ్చి అతనికి సిగ్గేసింది.

మర్నాడు ‘సాయికుమార్ ఎక్కడ?’ అని, ఫొటోతో వార్త వచ్చింది. అది ఫోన్లలో తిరిగి తిరిగి మస్కట్ చేరింది. పదకొండో రోజున అక్కడి జగిత్యాలవాళ్లు కబురు చెప్పారు. మనిషి క్షేమం. కంపెనీ బందయింది, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది, ఫోన్ పగిలి నంబర్లన్నీ పోయాయి, ఎడారిలో ఒక క్యాంపులో చిక్కుకున్నాడు. ప్రేమ్‌కుమార్ హోటల్లోకి పరుగెత్తుకొచ్చాడు.

“కాకా, దొరికిండు! కంపెనీ మూతపడ్డదట!”

“మూత ఉండె గద!” లక్ష్మీరాజం బల్ల మీద మళ్లీ ఒక్కటేశాడు. “నేను చెప్పలే? మూత కిందనే ఉన్నడు!”

పాస్‌పోర్టు చేతికొచ్చాక, మే నెలలో సాయికుమార్ వచ్చాడు. కోరుట్ల బస్టాండులో ఎండ మండిపోతోంది. నెత్తి మీద అట్టపెట్టెతో, ఒళ్లంతా చెమటలు కారుతూ దిగాడు. సంగీత ఎదురెళ్లి పెట్టె అందుకుంది. ప్రీతి మాత్రం వెంటనే దగ్గరికి పోలేదు. కాసేపు చూసింది, అతను వంగగానే చెంప మీద వేలితో గీసి, ఆ తడి వేలు గాలిలోకి ఎత్తింది.

“తాతా! బాపు సల్లబడ్డడే! నీళ్లయి దిగిండు!”

ప్రేమ్‌కుమార్ భయంగా లక్ష్మీరాజం వైపు చూశాడు. ఇన్ని తప్పులు ఒక్క మాటలో ఆయన ఏనాడూ విని ఉండడు. కానీ ఆయన కళ్లద్దాలు తీసి దస్తీతో తుడుచుకుంటున్నాడు.

“కరెక్టు, బిడ్డా” అన్నాడు. తర్వాత ప్రేమ్‌కుమార్ చూస్తున్నాడని గమనించి, “అద్దాలకు ఆవిరి పట్టింది” అని గొణిగాడు.

“గీ ఎండల ఆవిరి ఎట్ల పడ్తది కాకా?”

“నీ నోటికి మూత పెట్టు. పోయి అందరికి చాయ్ చెప్పు.”