ముందునేను మాస్టారు

సైకాలజీ విభాగంలో పెద్ద ప్రొఫెసర్ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ ప్రయోగమైనా సరే, అందరికన్నా ముందు ఆయనే కూర్చోవాలి. ఎవరి కోసం కుర్చీ వేసినా "ముందు నేను" అంటూ అందులో చతికిలబడేవారు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని ముందునేను మాస్టారు అనేవాళ్లు. అదంతా పేరు కోసం పాకులాట అని తోటి మాస్టార్ల నమ్మకం. ల్యాబ్ అసిస్టెంటుగా చేసే ఒకమ్మాయి కూడా అదే అనుకునేది.

అనుకోక ఏం చేస్తుంది? లోకాన్ని తలకిందులుగా చూపే కళ్లద్దాలు పెట్టుకుని వెనకటికో శాస్త్రవేత్త రోజుల తరబడి గడిపాడట. అలాంటి జత ఒకటి వీళ్లూ చేయించారు. మాస్టారు వాటిని లాక్కుని పెట్టుకుని, కప్పులో అనుకుంటూ డైరెక్టరు గారి బూటులో వేడి టీ పోశారు.

"కాలుతోందండీ," అన్నారు డైరెక్టరు.

"రాసుకోమ్మా, స్పర్శజ్ఞానం మామూలుగానే ఉంది," అన్నారు మాస్టారు ఆమెతో.

నిద్ర మీద ప్రయోగమప్పుడు కూడా అంతే. రాత్రుళ్లు తనే మేలుకుని, పగలు పాఠం మధ్యలో గుర్రు పెట్టారు. విద్యార్థులు ఆయన్ని లేపలేదు సరికదా, గుర్రుని కూడా నోట్సులో ఎక్కించారు.

ఆ తర్వాత వచ్చింది మాత్రం నవ్వే వ్యవహారం కాదు. వెలుగూ చప్పుడూ అందకపోతే మనసు ఏమవుతుందో చూడటానికి ఒక చీకటి గది కట్టారు. లోపల మనిషికి ఒక బటన్. భరించలేక దాన్ని నొక్కితే బయట ఎర్రబల్బు వెలుగుతుంది. ఆ ప్రయోగం చూడటానికి పైనుంచి కమిటీ వస్తోంది.

"లోపల కూర్చునేది నువ్వేనమ్మా," అన్నారు డైరెక్టరు ఆమెతో. "నీ ఉద్యోగం పొడిగించాలో వద్దో కూడా వాళ్లే తేలుస్తారు."

ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. ఒకసారి లిఫ్టులో ఇరుక్కున్న నాటినుంచి స్నానాల గదికి కూడా గడియ పెట్టుకోని మనిషి. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే లోపల ఊపిరాడదు. ఆమె చెప్పలేదు.

కమిటీ వచ్చి కూర్చుంది. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది.

"ముందు నేను."

మాస్టారు ఆమెని పక్కకి తోసి లోపలికి దూరి తలుపు వేసేసుకున్నారు. డైరెక్టరు పళ్లు నూరారు. "బల్బు వెలగ్గానే ఆయన్ని బయటికి లాగి, నువ్వెళ్లు."

ఆమె బల్బు మీదినుంచి చూపు తిప్పలేదు. వెలగకూడదని మొక్కుకుంది. వెలగలేదు. కమిటీ టీలు తాగింది, భోజనాలు చేసి వచ్చింది. బల్బు వెలగలేదు. అప్పుడు ఆమెకి వేరే భయం పట్టుకుంది. ముసలాయన, లోపల ఏమైపోయారో.

"తలుపు తీద్దామా సార్?"

"మధ్యలో తీస్తే ప్రయోగం చెడుతుంది," అన్నారు కమిటీ పెద్ద. సాయంత్రం లేస్తూ డైరెక్టరుతో, "ఈ అమ్మాయిని వదులుకోకండి. బల్బు మీదినుంచి రెప్ప వాల్చలేదు," అని ఆమె ఉద్యోగం పొడిగించే కాగితం మీద సంతకం పెట్టేశారు.

కార్లు కదలగానే ఆమె తలుపు తీసింది. మాస్టారు రాలేదు. పిలిచింది. పలకలేదు. ఇంకేమీ ఆలోచించకుండా ఆ చీకట్లోకి వెళ్లి, గోడలు తడుముకుంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, కానీ ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

బయటికొచ్చాక చూస్తే ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"బటన్ నొక్కలేదేం సార్?"

"నేనొస్తే తర్వాత వంతు నీదే కదమ్మా," అన్నారు మాస్టారు బొంగురు గొంతుతో.

"నాకు చీకటి గదులంటే భయమని ఎవరు చెప్పారు?"

"నీకూ భయమేనా?" అని ఆశ్చర్యపోయారు మాస్టారు. "నాకు తెలీదు. నాకైతే చచ్చేంత భయం. ఇలాంటి వాటిల్లో ఇంకొకర్ని కూర్చోబెట్టి బయటినుంచి చూస్తూ ఉండటం నా వల్ల కాదు. దానికన్నా లోపలుండటమే నయం."

ఇంత మంచి మనిషిని పట్టుకుని ఏమేమి మాటలన్నారు అందరూ, అనుకుంది ఆమె. మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

"పొద్దుట్నుంచీ లోపల ఏం చేశారు సార్?"

"పాటలు పాడాను. వచ్చినవన్నీ, గొంతు పోయేదాకా."

"మాకేం వినపడలేదే."

మాస్టారు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, గోడని మెచ్చుకోలుగా తట్టారు.

"అయితే గది బాగానే కట్టారన్నమాట."